అసలుది విరగదు

ఆ షెడ్డులో పొద్దున్నే మొదట తెరుచుకునేది తలుపు కాదు, అత్తగారి నోరు.

"లేచారా ఇద్దరూ? లేక ఒకరి మీద కోపంతో ఇంకొకరు ముసుగుతన్ని పడుకున్నారా?" అంటూ ఆవిడ చేతికర్ర టకటకలాడించుకుంటూ వచ్చి, ఇనుప ముక్కల్ని బిగించి పట్టుకునే బెంచి వైసు పక్కనున్న తన కుర్చీలో కూలబడేది. ఆ తర్వాతే షట్టరు పైకి లేచేది. ఎడమ గదిలోంచి చిన్నకోడలు, కుడి గదిలోంచి పెద్దకొడుకు వచ్చేవాళ్ళు. ఒకరి వంక ఒకరు చూసుకునేవాళ్ళు కాదు. ఒకే కప్పు కింద బతుకుతూ చూసుకోకుండా ఉండటం అంత తేలికేం కాదండీ, దానికీ సాధన కావాలి. వాళ్ళది పదిహేడేళ్ళ సాధన. ఒకటే కిరోసిన్ డబ్బా, ఒకటే ట్యూబులైటు, ఒకటే స్పానర్ల సెట్టు. మధ్యలో ముసలావిడ.

వాళ్ళ పని పాత పందెం మోటార్లు. పడవ వెనక చెక్కకి బిగిస్తే నీళ్ళలోకి కాలు దించుకుని గిర్రున తిరిగే మోటార్లు ఉంటాయి చూడండి, వాటిలో పందేల కోసమే చేసినవి కొన్ని ఉన్నాయి. తేలిక ఒళ్ళు, గట్టి గొంతు, పొగరు. చేసిన కంపెనీలు ఎప్పుడో మూతబడ్డాయి. ఎవరి అటక మీదో, ఏ పాత ఇనుప కొట్లోనో దొరికిన ముక్కల్ని గుడ్డలో చుట్టుకుని జనం ఇక్కడికి వచ్చేవాళ్ళు. ఇది ఏ మోటారుది, అసలుదా నకలా, మళ్ళీ బతుకుతుందా అని అడిగేవాళ్ళు. ఏది ఏమిటో చెప్పడం చిన్నకోడలి వంతు. బతికించడం ఆవిడ బావగారి వంతు.

ఆవిణ్ణి అందరూ గుర్తులమ్మ అనేవాళ్ళు. తెల్లగా పొక్కిపోయిన అల్యూమినియం ముక్క మీద పల్చటి కాగితం పరిచి పెన్సిలుతో మెల్లగా రుద్దేది. కంటికి ఆనని పోత అంకెలు ఆ కాగితం మీదికి నడిచి వచ్చేవి. ఏడు అంకె నడుముకి అడ్డగీత ఉంటే మొదటి విడత, లేకపోతే రెండోది. బోల్టు మర చుట్లు గోటితో లెక్కపెట్టి ఏ ఏడాదిదో చెప్పేది. అసలుదని తేలిన ప్రతి ముక్క మీదా ఓ మూల సూదిమొనతో గోరంత సున్నా గీసేది. ఆ సున్నా ఉందంటే ఇక ఎవరూ నోరెత్తేవాళ్ళు కాదు.

బావగారి పేరు ఆకురాయి. విరిగిన రెక్కకి రెక్క, అరిగిన పన్నుకి పన్ను, ఆకురాయి పట్టుకుని కూర్చున్నాడంటే పాతదేదో కొత్తదేదో దాన్ని కన్నవాడు కూడా పోల్చుకోలేడు. ఆయన చేతిలో పడితే ఇనుము కూడా అబద్ధమాడుతుందని జనం మెచ్చుకునేవాళ్ళు. గుర్తులమ్మ కూడా అదే మాట అనేది. మెచ్చుకోవడానికి మాత్రం కాదు.

ఇక షెడ్డు నడిమధ్యన సిమెంటు తొట్టి. బాగుచేసిన మోటారుని దాని అంచుకి బిగించి నీళ్ళలో తిప్పి చూడటానికి కట్టింది, నడుము లోతు ఉంటుంది. దానికో అలవాటుంది. అసలు ముక్క వేస్తే తేలుతుంది, నకలు వేస్తే మునుగుతుంది. ఇనుమైనా కంచైనా, పిడికెడైనా మోపెడైనా ఒకటే తీరు. ఏది వేసినా ముందు అడుక్కే పోతుంది. నకలైతే అక్కడే పడి ఉంటుంది. అసలుదైతే ఏడు ఊపిర్లు తీసేలోపు, ఎవరో పిలిస్తే లేచినట్టు, నింపాదిగా పైకొచ్చి ఆకులా ఆగుతుంది. ఒకసారి పంపుల మేస్త్రీ తొట్టి చుట్టూ తిరిగి చూసి, "లీకేం లేదమ్మా. తేలడాలూ మునగడాలూ మా పనిలోకి రావు" అని టీ తాగి వెళ్ళిపోయాడు. అంతకుమించి దాని సంగతి ఎవరూ ఎత్తలేదు. దేవుడు ఒక్కొక్కరికి ఒక్కో గుణమిస్తాడు, తొట్టికి అదిచ్చాడు. ముక్క ఇచ్చిపోయినవాళ్ళు మర్నాడు వచ్చి "తేలిందా?" అని అడిగేవాళ్ళు, అంతే.

తొట్టి వెనక గోడ మీద ఎర్రరంగుతో, గుర్తులమ్మ స్వయంగా రాసిన మాట ఒకటుండేది: అసలుది విరగదు. బేరానికి వచ్చినవాళ్ళందరికీ అది చూపించేది. నకలు నాలుగు రోజులు మెరుస్తుంది, అయిదో రోజు విరుగుతుంది, అసలుదానికి ఆ జబ్బు లేదనేది. ఆ మాట ఆవిడ నోటినుంచి జనం నోటికెక్కి, జనం నోట్లోంచి మళ్ళీ ఆవిడ చెవిలో పడి, ఆవిడకే వేదమైపోయింది.

ఆ వేదంలోంచే పుట్టింది పగ.

గుర్తులమ్మ మొగుడు, అంటే ఆకురాయి తమ్ముడు, పందేలు తోలేవాడు. పదిహేడేళ్ళ కిందట ఓ పెద్ద పందెం ముందు అతని మోటార్లో, పిస్టన్‌ని కింది ఇరుసుకి కలిపే కనెక్టింగ్ రాడ్డు ఒకటి బీటలిచ్చింది. అసలుది ఎక్కడా దొరకలేదు. పందేనికి ఇంక రెండు రోజులుందనగా అన్నగారు పాత పెట్టె అడుగున ఒకటి దొరికిందని చెప్పి, గుర్తులమ్మ చూడకముందే తనే బిగించాడు. తొట్టిలో వేసి చూద్దామంటే ఆ వారం తొట్టి ఎండి ఉంది. అడుగున పగులొస్తే నీళ్ళు తోడేసి సిమెంటు పూశారు. పందెంలో రెండో మలుపు దగ్గర, అతను అందరికంటే పడవ పొడుగు ముందుండగా, ఇంజను ఒక్కసారిగా పట్టేసింది. పడవ ముక్కు నీళ్ళలో గుచ్చుకుని తిరగబడింది. మనిషిని ఒడ్డుకి తెచ్చారు గానీ ప్రాణం తేలేదు. మోటారు చెక్క నుంచి ఊడి సరస్సు అడుక్కి పోయింది. ఎంత వెతికినా దొరకలేదు.

ఇంజనులో ఏదో విరిగింది. అసలుది విరగదు. కాబట్టి విరిగింది నకలు. నకలు చేయగలిగిన చెయ్యి ఇంట్లో ఒకటే ఉంది. గుర్తులమ్మకి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేకపోయింది. ఆయన "పెట్టెలోదే" అని ఒకసారి చెప్పాడు, రెండుసార్లు చెప్పాడు, తర్వాత మానేశాడు. షెడ్డు చచ్చిపోయినవాడి పేరు మీదుంది గనక ఆవిడదే. పొమ్మనొచ్చు. కానీ సాక్ష్యం సరస్సులో ఉంది, అత్తగారు కుర్చీలో ఉంది. ఆయనైనా పోవచ్చు. పోతే తప్పు ఒప్పుకున్నట్టే. అలా ఇద్దరూ ఉండిపోయారు.

మాట్లాడుకోవాలిగా మరి పని జరగాలంటే? ఆయన వైసుతో మాట్లాడేవాడు, ఆవిడ తొట్టితో మాట్లాడేది. "చూశావటే తొట్టీ, పావు ఇంచి బోల్టు అడిగితే ముప్పావుది పెట్టారు. చేతులు కుదురుగా ఉంటే చాలా, బుద్ధి ఉండొద్దూ" అని ఆవిడ అనేది. "ఏరా వైసూ, కొందరికి కాగితం మీద రుద్దడం తప్ప ఏం చేతకాదురా. ఆ రుద్దేదేదో గిన్నెలన్నా రుద్దితే మెరిసేవి" అని ఆయన అనేవాడు. మరీ మొండికేసినప్పుడు ముసలావిడ కర్ర నేలకేసి కొట్టి, "పన్నెండో నంబరు స్పానరు అడుగుతోందిరా, ఇచ్చి చావు" అని అనువదించేది. ఓ కొడుకుని నీళ్ళకిచ్చి, ఉన్న కొడుక్కీ కోడలికీ మధ్య గుమ్మంలా నిలబడిన తల్లి ఆవిడ. గుమ్మాన్ని అందరూ తొక్కుతారు, తీసేస్తే మాత్రం ఇల్లు నిలబడదు.

ఆ ఏడు సరస్సు గట్టు మరమ్మతుకని నీళ్ళు బాగా దించారు. బురదలోంచి మోటారు బయటపడింది.

దాన్ని తెచ్చింది గాజుబీరువా ఆయన. పాత మోటార్లు కొని, శుభ్రం చేయించి, గాజు బీరువాల్లో దీపాలు పెట్టి జనానికి చూపిస్తుంటాడు. మంచివాడే, కాస్త తొందర మనిషి. అన్ని ముక్కలూ అసలువేనని గుర్తులమ్మ రాసిస్తే చాలు, హాలు మధ్యలో పెడతానన్నాడు. అది ఎవరి మోటారో ఆయనకి తెలుసు. తెలిసే, టోపీ తీసి చేతిలో పట్టుకుని చెప్పాడు.

నీళ్ళ పీపాలో ముంచి తెచ్చారు దాన్ని. బురదలో ఉన్నంతకాలం బాగానే ఉన్న లోహం గాలి తగలగానే తినుకుపోతుంది. మూత తీసి గుర్తులమ్మ లోపలికి చూసింది. వేగం పెంచే థ్రాటిల్ పిడి మీద, బొటనవేలు ఆనేచోట, మొగుడు స్వయంగా అరగదీసి పెట్టుకున్న గాడి కనబడింది. ఆవిడ చెయ్యి పెట్టలేదు. మూత వేసేసింది.

తర్వాత తొట్టి వైపు తిరిగి, షెడ్డంతా వినబడేలా అంది: "తొట్టీ, ఇన్నాళ్ళకి రాడ్డు వచ్చింది. నీలో వేస్తాను. మునిగితే, దాన్ని మోటార్లో బిగించినవాడు తన పనిముట్ల పెట్టె తీసుకుని గేటు దాటాలి. అత్తగారు కూడా అడ్డం రాకూడదు."

ఆకురాయి చేతిలో పని ఆపలేదు. "వైసూ, సరే అన్నానని చెప్పు. తేలితే మాత్రం ఆవిడ నన్ను పిలవాలి. నలుగురి ముందు, మొహం చూసి, బావగారూ అని. పదిహేడేళ్ళయింది ఆ పిలుపు విని."

"తేలినప్పుడు కదా" అంది ఆవిడ తొట్టితో.

ఆ సాయంత్రమే ఆయన పనిముట్లన్నీ పెట్టెలో సర్ది గేటు దగ్గర పెట్టుకున్నాడు. రోజూ పొద్దున దాంట్లోంచే తీసుకుని, సాయంత్రం దాంట్లోనే పెట్టేవాడు. భయపడుతున్నాడో, బెదిరిస్తున్నాడో ఎవరికీ తెలియలేదు. అటూ ఇటూ వెళ్ళినప్పుడల్లా గుర్తులమ్మ కాలికి తగిలేది. "ఈ పెట్టె దారికి అడ్డంగా ఉందే తొట్టీ, త్వరగా పోతే బావుణ్ణు" అనేది.

మోటారు విప్పడానికి ఎనిమిది రోజులు పట్టింది. పదిహేడేళ్ళు బిగుసుకున్న బోల్టు ఒక పట్టాన రాదు, బలవంతం చేస్తే మెడ విరుగుతుంది. ఆకురాయి ఒక్కో బోల్టునీ సన్నటి మంటతో వేడిచేసి, కొవ్వొత్తి తాకించేవాడు. కరిగిన మైనం మర చుట్లలోకి దానంతటదే పాకిపోయేది. చల్లారాక మళ్ళీ మంట, మళ్ళీ మైనం. నాలుగోసారికో అయిదోసారికో బోల్టు కిర్రుమని లొంగేది. ఆ ఎనిమిది రోజులూ ఆయన వైసుతో కూడా మాట్లాడలేదు. గుర్తులమ్మ వచ్చిన ప్రతి ముక్కనీ బ్రష్షుతో కడిగి, కాగితం పరిచి రుద్ది, తొట్టిలో వేసేది. మాగ్నెటో తేలింది. ఫ్లైవీల్ పళ్ళెంలా తేలింది. కార్బ్యురేటరు కాస్త ఆలస్యంగా, బద్ధకంగా తేలింది. ముసలావిడ ప్రతిదాన్నీ చూస్తూ, ఇది నా చిన్నోడిదే, ఇది నా చిన్నోడిదే అని గొణుక్కునేది.

తొమ్మిదో రోజు పొద్దున సిలిండర్లు వచ్చాయి. తెరవగానే ఆముదం వాసన గుప్పుమంది. పందెం మోటార్లకి స్పిరిట్‌లో ఆముదం కలిపి పోస్తారు లెండి. పందెం రోజున అతని చొక్కాకి, జుట్టుకి, దిండుకి పట్టి ఉండే వాసన. గుర్తులమ్మ లేచి గేటు దాకా వెళ్ళి, పెట్టె తగిలి, తిట్టుకుని వెనక్కి వచ్చింది.

రాడ్లు రెండూ ఉన్నాయి. రెండూ నిటారుగా ఉన్నాయి. ఏదీ విరగలేదు.

గాజుబీరువా ఆయన ఆ రోజుకే వచ్చాడు. పక్క వీధి వెల్డరు, టీ కొట్టావిడ కూడా ఏదో పనున్నట్టు వచ్చి నిలబడ్డారు. వీళ్ళిద్దరూ కాసుకున్న పందెం సంగతి అందరికీ తెలుసు మరి.

"విరగలేదురా వైసూ" అన్నాడు ఆకురాయి మెల్లగా.

గుర్తులమ్మ మొహం గట్టిపడింది. విరగకపోయినంత మాత్రాన నకలు అసలైపోదనీ, అబద్ధం అబద్ధమేననీ తొట్టికి చెప్పింది. రెండు రాడ్లలో తన సున్నా లేనిదాన్ని పట్టుకుని, తొట్టి మీదికి చెయ్యి చాచి వదిలేసింది.

రాడ్డు బుడుంగుమని మునిగింది. అడుగు తాకిన చప్పుడు అందరికీ వినబడింది. ముసలావిడ పైకే లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. ఆకురాయి ఖాళీ వైసు పిడిని ఇంకో చుట్టు బిగించాడు. అయిదు, ఆరు.

రాడ్డు పైకొచ్చింది. నీళ్ళ మీద అడ్డంగా పడుకుని, ఒకసారి ఊగి, ఆగిపోయింది.

వెల్డరు దగ్గాడు. అందరూ గుర్తులమ్మ నోటి వంక చూశారు. ఆవిడ నోరు తెరిచింది గానీ, రావలసిన మాట రాలేదు.

"అయితే ఇంజను ఎందుకు పట్టేసింది?" అంది. "ఏదో ఒకటి విరగకుండా పట్టేస్తుందా? నీళ్ళలో దిగే మోటారు కాలు ఇంకా విప్పలేదు. కాలు విప్పాలి."

అప్పుడు ఆకురాయి వైసుని వదిలి తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, మేం పందెం కాసుకుంది రాడ్డు మీద. అది తేలింది. కాలు జోలికి పోవద్దను. పెట్టెలో పెట్టి గాజు బీరువాకి పంపెయ్యమను."

"ఏం, అందులో ఏం దాచారట?" అంది గుర్తులమ్మ. "రాడ్డు కాకపోతే ఇంకోటి. చేసిన చెయ్యి ఒకటే. భయమెందుకో అడగండి అత్తగారూ."

ఆయన మొహంలో ఏదో మండి ఆరిపోయింది. పిలవదని తనకి ముందే తెలుసనీ, తేలినా మునిగినా ఈ ఇంట్లో తనకి ఒకటేననీ తల్లికి చెప్పి, ఇక చాలన్నాడు. వైసు మీదున్న ఆకురాళ్ళు ఒక్కొక్కటే తుడిచి, నూనె రాసి, గుడ్డలో చుట్టడం మొదలుపెట్టాడు. ముసలావిడ ఆగరా అంది. ఆయన ఆగలేదు.

గుర్తులమ్మ పట్టించుకోలేదు. మోటారు కాలు బెంచి మీద పడుకోబెట్టి, తనే మంట అందుకుంది. వేడిచేసింది, కొవ్వొత్తి తాకించింది, ఆగింది, మళ్ళీ వేడిచేసింది. ఆయన వైపు చూడకుండా పదిహేడేళ్ళూ ఆయన పనంతా చూసేసింది కదా, ఒక్క తప్పు పోలేదు. గంటన్నరకి ఆఖరి బోల్టు లొంగింది. కాలు రెండుగా విడింది. నల్లటి బురద, గడ్డకట్టిన గ్రీజు కారాయి. వేళ్ళు పెట్టి వెతికింది. లోపల పళ్ళచక్రాలు రెండు ఒకదాన్నొకటి కరుచుకుని ఉన్నాయి. చిన్నదాన్ని పినియన్ అంటారు. దానికి ఒక పన్ను లేదు. ఆ ఊడిన పన్నే రెండింటి మధ్యా మేకులా ఇరుక్కుని ఉంది.

"దొరికింది" అంది గట్టిగా. "ఇదిగో, విరిగింది ఇది."

కిరోసిన్‌లో ముంచి గుడ్డతో తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయింది. చక్రం లోపలి అంచున, గోరంత సున్నా ఉంది. తన సున్నా.

అంతా ఒక్క క్షణంలో కళ్ళ ముందుకొచ్చింది. అదే వారం, అదే ఎండిన తొట్టి. కొత్తగా వచ్చిన పార్శిల్లోంచి పినియన్ తీసి వెలుతురుకి పెట్టి చూస్తున్న తను. త్వరగా తేల్చమని తలుపుకి ఆనుకుని నవ్వుతున్న మొగుడు. సిమెంటు తాపీ చేత్తో పట్టుకుని బావగారు: "సిమెంటు ఆరనియ్యి అమ్మాయ్. రెండు రోజుల్లో తొట్టి నింపుతాను, అందులో వేసి చూద్దాం." దానికి తను నవ్వి ఇచ్చిన జవాబు: "నా కళ్ళకి తొట్టి కావాలా, బావగారూ?" అని సూది తీసి సున్నా గీసేసింది. ఆ మనిషిని ఆ పిలుపుతో పిలవడం అదే ఆఖరు.

ఆయన కాలు విప్పొద్దని ఎందుకన్నాడో అప్పుడు తెలిసింది. ఈ పదిహేడేళ్ళలో ఆయన ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆ పినియన్ మాట ఎత్తలేదు. వైసుతో కూడా అనలేదు.

తలెత్తి చూసింది. ఆకురాయి పెట్టె మూత వేస్తున్నాడు, వీపు ఇటు పెట్టి.

"ఏం దొరికిందే?" అంది అత్తగారు.

విరిగిన చక్రమని చెప్పి, సున్నా సంగతి దాచేయొచ్చు. పిడికిలి మూసేస్తే చాలు. వెల్డరు దూరంగా ఉన్నాడు, గాజుబీరువా ఆయన దృష్టి తేలిన రాడ్డు మీదే ఉంది. చూస్తున్నది పైవాడొక్కడే. ఆయన ఎప్పుడూ తొందరపడడు, చూస్తూ ఉంటాడంతే.

గుర్తులమ్మ చెయ్యి చాచి పినియన్‌ని తొట్టి మీద పట్టుకుంది. ఇది మునుగుతుంది. విరిగిందిగా మరి. మునిగితే మొగుణ్ణి చంపింది తన కళ్ళు. రెండో చేతిలో ఊడిన పన్ను ఉంది. రెండూ వదిలేసింది.

మునిగాయి. అడుగు తాకాయి, ముందు పెద్ద చప్పుడు, తర్వాత చిన్న చప్పుడు. ఈసారి ముసలావిడ లెక్కపెట్టలేదు. గుర్తులమ్మ తొట్టి అంచు పట్టుకుని కళ్ళు మూసుకుంది. తన ఊపిరి తనకే వినబడుతోంది. అయిదు. ఆరు. ఏడు. అయిపోయింది అనుకుంది. గేటు దాటాల్సింది ఎవరో ఇప్పుడు తెలిసిందనుకుంది.

"తేలిందమ్మా" అంది టీ కొట్టావిడ.

కళ్ళు తెరిచింది. పినియన్ నీళ్ళ మీద ఉంది, సున్నా పైకి కనబడుతూ. దాని పక్కనే, బియ్యపు గింజంత పన్ను తల్లి వెనక బాతుపిల్లలా వచ్చి ఆగింది.

అసలుదే. అసలుదే, విరిగింది.

గుర్తులమ్మ ఒకసారి పినియన్ని చూసింది, ఒకసారి గోడ మీది ఎర్ర అక్షరాల్ని చూసింది. తప్పు తనది కాదు. ఆయనది కాదు. ఎవరిదీ కాదు. పదిహేడేళ్ళ పగ పట్టుకుని నిలబడింది, దించడానికి చోటు లేదు. తనే తప్పు చేసి ఉంటే కూడా ఇంత ఖాళీగా ఉండేది కాదేమో.

"అదెలా?" అంది, ఎవరితోనో తెలియకుండా. "అసలుది విరగదు కదా."

అత్తగారు కర్ర ఊతంతో లేచింది. పదిహేడేళ్ళలో పనివేళ ఆవిడ ఆ కుర్చీలోంచి లేవడం అదే మొదలు. తొట్టి దగ్గరికి వచ్చి, వంగి, ఆ పన్నుని రెండు వేళ్ళతో తీసి అరచేతిలో పెట్టుకుంది.

"నా చిన్నోడు అసలు కాదటే?" అంది. "వాణ్ణి నేను కన్నాను. నకలు కాదు. విరగలేదూ?"

గుర్తులమ్మ పినియన్‌ని నీళ్ళలోంచి తీసి బెంచి మీద పెట్టింది.

గాజుబీరువా ఆయన టోపీ అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాడు. కాగితం మీద ఏం రాయమంటారమ్మా అని భయంభయంగా అడిగాడు. అన్నీ అసలువేనని రాసుకోమంది గుర్తులమ్మ. విరిగిన చక్రం కొత్తది వేయించమంటారా అంటే, వద్దంది. దాన్ని అలాగే బీరువాలో పెట్టమంది, పన్ను మాత్రం అత్తగారి దగ్గర ఉంటుందంది.

గేటు దగ్గర పెట్టె కిర్రుమంది. ఆకురాయి దాన్ని భుజానికెత్తుకున్నాడు. బరువుకి మెడ ఓ పక్కకి ఒరిగింది. తొట్టిలో ఏం తేలిందో వినే ఉంటాడు, అయినా వెనక్కి తిరగలేదు. ఒక కాలు గేటు బయట పెట్టాడు.

గుర్తులమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. ఒకసారి తొట్టి వంక చూసింది, అలవాటు కొద్దీ. మళ్ళీ దాన్ని వదిలేసి, గేటు దాకా నడిచి, ఆయనకి అడ్డంగా వెళ్ళి ఎదురుగా నిలబడింది. పదిహేడేళ్ళ తర్వాత ఆ మొహం చూసింది. ముసలాడైపోయాడు. తన మొగుడు ఉంటే ఇలాగే అయ్యుండేవాడు, అదే ముక్కు.

"బావగారూ" అంది.

గొంతు తుప్పు పట్టిన బోల్టులా వచ్చింది గానీ, వచ్చింది. వెల్డరు, టీ కొట్టావిడ, గాజుబీరువా ఆయన, అందరూ విన్నారు.

"ఏంటమ్మాయ్" అన్నాడు, భుజం మీది పెట్టె దించకుండానే.

ఆవిడకి చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. ఒక్కటీ మర ఎక్కలేదు. మొహం చిట్లించుకుని, ఎప్పుడూ ఉండే ఆ విసురు గొంతుతోనే అంది: "ఆ పెట్టె దారికి అడ్డంగా ఉంటోంది. తీసుకెళ్ళి లోపల పెట్టండి."

ఆయన ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు. "ఈ మాట పదిహేడేళ్ళ కిందటే అనొచ్చుగా. నడుం పడిపోయింది" అని సణుగుతూ, పెట్టె మోసుకుంటూ వెనక్కి నడిచి, దాన్ని వైసు కింద ధనామని దించాడు.

అత్తగారు అరచెయ్యి మూసుకుని మళ్ళీ కుర్చీలో కూర్చుంది. ఇక వీళ్ళకి వీళ్ళే మాట్లాడుకుంటే నాకిక్కడేం పనుందని గొణిగింది. వెల్డరు ఆ మాట పట్టుకుని, కుర్చీ లోపలికి తీసుకెళ్ళమంటారా పెద్దమ్మా అని అడిగాడు.

"ఉండనీ నాయనా" అంది ఆవిడ. "వీళ్ళ సంగతి నీకు తెలీదు. రేపు పొద్దున చూద్దాం."